పెరూ ఆవిడ వేసిన అమ్మ మొహం

నా చిన్నప్పుడు ఒక వేసవి సెలవులంతా అబద్ధాలు చెబుతూనే గడిపాను.

అప్పట్లో మేం బహ్రెయిన్‌లో, జిదాఫ్స్‌లో ఉండేవాళ్లం. నాన్న సల్మాబాద్‌లో మెకానిక్. అమ్మ అవాలిలో ఒక పెరూ దేశపు ఆవిడ ఇంట్లో పనిచేసేది. ఆవిడ బొమ్మలు వేసేది. ఎనిమిది రోజులు నిలబడితే చాలని అమ్మను ఒప్పించి, ఇస్త్రీ బల్ల పక్కన నిలబెట్టి బొమ్మ మొదలుపెట్టింది. రెండు నెలలైనా అది తెమల్లేదు. పొద్దున వేసింది మధ్యాహ్నానికి చాకుతో గీకేసేది. అమ్మకు ఇంగ్లీషు రాదు. సెలవులని అమ్మ వెంట వెళ్లి, బళ్లో నేర్చుకున్న ముక్కలతో ఇద్దరి మధ్యా మాటలు చేరవేసేదాన్ని నేను.

బొమ్మ వేస్తున్నంతసేపూ ఆవిడ తన కథ చెప్పేది. వాళ్ల నాన్న దర్జీ అట. బొమ్మలు నేర్పే మేష్టారు, ఆడపిల్లవి, పూలు వేసుకో అన్నాడట. ఈవిడ పంతంకొద్దీ చేపలమ్మే ఆడవాళ్లనే వేసిందట. పదకొండేళ్లు ఒక్క బొమ్మా అమ్ముడుపోలేదట. పేరొచ్చేసరికి జుట్టు నెరిసిందట. ఆ తర్వాత చమురు కంపెనీ ఇంజనీరును పెళ్లాడి దేశాలు పట్టి తిరిగిందట.

ఇదంతా నేను తెలుగులో చెబుతుంటే అమ్మ పళ్లు కొరికేది. "ఇలా గీకుతూ కూర్చుంటే ఎవరు కొంటారే? నా నడుం పడిపోతోందని చెప్పు. ఆ ఇస్త్రీ ఎవరు చేస్తారో అడుగు" అనేది.

అమ్మ పని పోతుందని నాకు భయం. మీ కథ చాలా బాగుందంటోందని ఆవిడతో చెప్పేదాన్ని.

చివరికి ఒకరోజు ఆవిడ బొమ్మను మా వైపు తిప్పింది. బిగించిన పెదాలు, ముడిపడ్డ కనుబొమలు, నడుం మీద చెయ్యి. అచ్చం అమ్మే, చిటపటలాడుతూ.

"నీ నోరు ఒకటి చెప్పింది, అమ్మ మొహం ఇంకోటి చెప్పింది. నేను మొహాన్నే నమ్మాను. అసలేమంటోంది?" అని ఆవిడ నెమ్మదిగా అడిగింది.

ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆవిడ కోప్పడలేదు. కుర్చీ తెచ్చి అమ్మను కూర్చోబెట్టి, ఇస్త్రీ తనే మొదలుపెట్టింది. రెండు చొక్కాలు మాడేసరికి అమ్మ విసుక్కుంటూ లేచి ఇస్త్రీపెట్టె లాక్కుంది. ఇంటికొచ్చాక మాత్రం నాకు రెండు తగిలించింది. నువ్వు నా మాట ఉన్నదున్నట్టు చెప్పుంటే ఆ కుర్చీ రెండు నెలల కిందటే వచ్చేది కదే అంది.

ఇప్పుడు నాకూ జుట్టు నెరిసింది. ఇప్పటికీ బహ్రెయిన్‌లోనే, ఒక ఆసుపత్రిలో మన కూలీల మాటలు డాక్టర్లకు ఇంగ్లీషులో చెబుతుంటాను. కూలీలు విసుక్కుంటే ఆ విసుగుతోనే చెబుతాను. కాస్త మెత్తగా చెప్పమ్మా అని నర్సులు అంటారు. నావల్ల కాదు.