జలపాతం పక్కన హాట్ ఐడిల్

1983 ఏప్రిల్‌లో అమెరికాలోని మా ట్రాయ్ ఆఫీసు నన్ను ఆఫ్రికా పంపింది. అప్పుడు నేను ట్రక్కుల కూలింగ్ విభాగంలో టెస్ట్ ఇంజనీర్‌ని, హోదాలో కింది నుంచి రెండో మెట్టు. నైరోబీ నుంచి విక్టోరియా జలపాతం దాకా పద్నాలుగు మంది యాత్రికులను తీసుకువెళ్లే ట్రక్కుకు మా కొత్త రేడియేటర్ ఫ్యాన్ బిగించారు. ఇంజన్ వేడిని గంట గంటకీ రాసుకుంటూ వాళ్లతో పాటు నేనూ వెళ్లాలి. పాసయితే ఫ్యాన్ ఫ్యాక్టరీకి వెళుతుంది. దాని డిజైన్‌లో సగం నాదే కాబట్టి పాస్ కావాలని నాకెంత ఆత్రమో వేరే చెప్పనక్కరలేదు.

పరీక్షల్లో ఆఖరిది హాట్ ఐడిల్. ఎండలో గంటల తరబడి నడిపిన బండిని ఆపి, ఇంజన్‌ను మాత్రం ఇరవై నిమిషాలు నడవనివ్వాలి. ఎదురుగాలి ఉండదు గనక భారమంతా ఫ్యాన్ మీదే. ఇంజన్ వేడి చూపే మీటర్ ముల్లు ఎర్ర గీత దాటితే ఫెయిల్. జలపాతం పక్కనున్న సరిహద్దు వంతెన దగ్గర లారీల వరుసలో ఎలాగూ ఆగాం కదా అని, అక్కడే కానిచ్చేశాను. ముల్లు గీతకు చాలా కిందే నిలిచింది. ఫారంలో 'ఎండ, వాన లేదు' అని రాసి, హోటల్ నుంచి ట్రాయ్‌కి పాస్ అని టెలెక్స్ కొట్టించి, హాయిగా పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే అందరితో కలిసి జలపాతం చూడబోయాను. అంత నీరు ఒక్కసారిగా లోయలోకి పడటం నేనెన్నడూ చూడలేదు. ఆ హోరులో పక్కవాళ్ల మాట వినబడదు. ఆకాశంలో మబ్బు తునకైనా లేదు, అయినా తడిసి ముద్దయ్యాను. పడ్డ నీరు తుంపరగా పైకి లేచి, గాలివాటుకు వంతెన మీదికి పోతోంది. నిన్న మా ట్రక్కు నిలబడ్డది సరిగ్గా అక్కడే. ముల్లు మీదే కళ్లు పెట్టుకున్న నేను తుంపరను పట్టించుకోలేదు. నిన్న రేడియేటర్‌ను చల్లబరిచింది ఆ తుంపరే.

నేను నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన కూడా రాకపోలేదు. కానీ ఎండలో ఇంజన్ పట్టేసి ఎవరో దారిలో చిక్కుకుంటే ఆ పాపం నాదే. జలపాతాన్ని సగంలో వదిలేసి డ్రైవర్ జోసెఫ్ దగ్గరికి వెళ్లాను. ఆ రోజు అతనికి సెలవు. పాసైన బండికి మళ్లీ పరీక్షేమిటని విసుక్కున్నాడు. బతిమాలి లేవదీశాను. తుంపర చేరని పొడి రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం దాకా నడిపించి, ఆపి, గడియారం చూస్తూ కూర్చున్నాను. పదకొండో నిమిషంలో ముల్లు గీత దాటింది. నమ్మబుద్ధి కాక, మళ్లీ నడిపించి ఇంకోసారి చూశాను. ఈసారి తొమ్మిదో నిమిషమే. సాయంత్రం రెండో టెలెక్స్ ఇచ్చాను: మొదటిది చెల్లదు, ఫ్యాన్ ఫెయిల్.

ట్రాయ్‌లో దిగగానే, నన్ను ఈ పనికి సిఫార్సు చేసిన సీనియర్ ప్రకాశరావుగారు పట్టుకున్నారు.

"ఏంటయ్యా ఇది! నీ మొదటి టెలెక్స్ చూసి, ఇక మార్పుల్లేవని డిజైన్ ఫ్రీజ్ చేసేశాం. మళ్లీ టెస్ట్ చేయమని నిన్నెవరడిగారు?"

ఎవరూ అడగలేదండీ, మొదటిసారి నేనే తప్పు చోట చేశాను అన్నాను.

"అదంతా రిపోర్ట్‌లో రాస్తావా ఏంటి? నీ ప్రమోషన్ ఉందయ్యా ముందు!"

రాశాను. ఫ్యాన్ రెక్కలు వెడల్పు చేయడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఏడు ప్రమోషన్ ఇంకొకరికి వెళ్లింది. బాధపడలేదంటే అబద్ధమే.

తర్వాత నా కింద చేరిన కుర్ర ఇంజనీర్లకు ఒక్కటే చెప్పేవాణ్ణి. ఫెయిలయిన టెస్టును పదిమంది మళ్లీ చూస్తారు. పాసయినదాన్ని మళ్లీ చూడాల్సినవాడివి నువ్వొక్కడివే.