వంగిన మోచెయ్యి

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలంలో కాదు, అందరి జేబుల్లోకీ స్మార్ట్‌ఫోన్లు వచ్చేసిన రోజుల్లోనే, పెళ్లికొడుకు గురించి మా జిన్నారం వైపు అడిగే ప్రశ్నలు అందరికీ కంఠతా వచ్చేవి. నౌకరీ పర్మనెంటేనా, తాగుతాడా, కోపం ఎక్కువా, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది. వీటన్నిటికీ నేను జవాబులు తయారు చేసుకునే ఉన్నాను. తీరా నా వంతు వచ్చేసరికి వీటిలో ఒక్కటీ అడగలేదు. గోల్ఫు కర్ర వెనక్కి ఎత్తినప్పుడు నా ఎడమ మోచెయ్యి వంగుతోందా లేదా అన్నది మాత్రమే చూశారు. వంగుతోంది. ఆ మోచెయ్యిని తిన్నగా చేయడానికి నా యవ్వనంలో మంచి భాగం ఖర్చయిపోయింది.

అప్పుడు నేను జిన్నారం దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో జూనియర్ కెమిస్టుని. మా ల్యాబులో ఒకమ్మాయి పనిచేసేది (పేరు రాస్తే ఊరుకోదు కాబట్టి మా ఆవిడ అనే అంటాను, అప్పటికింకా కాకపోయినా). వాళ్ల నాన్నగారు ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి పెద్ద ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి, రిటైరై, బీరంగూడలో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారు. మాది వ్యవసాయం. నాయిన ఇప్పటికీ పొద్దున లేస్తే చేనుకే పోతాడు. మేమిద్దరం పెళ్లి చేసుకుందామనుకున్నాక ఆమె ధైర్యం చేసి ఇంట్లో చెప్పింది. నాన్నగారికి కోపం వస్తుందనుకుంది, రాలేదు. సంతోషమూ కనపడలేదు. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "ఆదివారం పొద్దున్నే గ్రౌండుకి రమ్మను" అన్నారట.

గ్రౌండంటే వాళ్లు ఒకప్పుడున్న కర్మాగారం కాలనీ వెనకాల ఉన్న గోల్ఫు మైదానం. టీవీలో చూపించే పచ్చటి తివాచీలు ఊహించుకోకండి. పల్లేరుకాయలు, తుమ్మ చెట్లు, నడి మైదానంలో నెమరు వేసుకుంటూ బర్రెలు. బంతి పడాల్సిన గుంట చుట్టూ గడ్డికి బదులు పాత ఇంజనాయిలు కలిపిన ఇసుక. గడ్డి ఉంటే గ్రీను అంటారట, వాళ్లు దీన్ని బ్రౌను అనేవారు. సాయంత్రం గాలి మళ్లితే ఫ్యాక్టరీల వాసన కూడా వచ్చి మాతో పాటే ఆడేది.

ఆయన నన్ను పలకరించలేదు. చేతిలో ఒక కర్ర పెట్టి, "కొట్టు" అన్నారు.

"నాకు రాదు సార్."

"రాదని తెలుస్తూనే ఉంది. కొట్టు."

కట్టెలు చీల్చేటప్పుడు గొడ్డలి ఎత్తినట్టు ఎత్తి, కళ్లు మూసుకుని ఒక్కటిచ్చాను. బంతి ఠంగుమని లేచింది. కొంత దూరం బుద్ధిగానే వెళ్లి, తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు కుడివైపు తిరిగి, ప్రహరీ గోడ దాటి మాయమైంది. నాకు గర్వంతో ఒళ్లు పొంగింది. ఆయన మాత్రం నా ఎక్స్‌రే చూస్తున్న డాక్టరులా నిలబడ్డారు.

"బంతి వెళ్లింది నిజమే. కానీ అలా వెళ్లకూడదు."

"పోయింది గద సార్."

"పోవడం వేరు, పంపడం వేరు. నీ ఒంట్లో ఉన్న స్వింగంతా, ఆ ఊపంతా, ముందు తీసెయ్యాలి. ఖాళీ అయ్యాక కొత్తది పెడదాం. రేపు రా."

పెళ్లి మాటేమిటని అడగడానికి నోరు రాలేదు. నేర్చుకుంటే ఆయన మెత్తబడతారు కదా అని మర్నాడు వెళ్లాను. ఆ మర్నాడూ వెళ్లాను. నైట్ షిఫ్టు వారమైతే పొద్దున్నే, పగటి షిఫ్టు వారమైతే సాయంత్రం, కంపెనీ బస్సులో కునికిపాట్లు పడుతూ వచ్చి, ముఖం కడుక్కుని, ఆయన ముందు నిలబడేవాణ్ణి. తీసెయ్యడం చాలా జోరుగా సాగింది. కుడిచేతి చిటికెన వేలు ఎడమచేతి వేళ్లలో పెనవెయ్యమన్నారు. చంకల కింద తువ్వాలు పెట్టి అది జారకుండా తిరగమన్నారు. నడుము తర్వాత తిప్పమన్నారు, భుజం ముందు తిప్పమన్నారు, తల అసలు తిప్పవద్దన్నారు. బంతి మాత్రం ఇవ్వలేదు. బంతి ఎదురుగా ఉంటే మనిషికి ఆశ పుడుతుందట, ఆశ పుడితే మోచెయ్యి వంగుతుందట. గాలిలో ఊపుతూ ఉండమన్నారు.

ఊపాను. ఫ్యాక్టరీలో బట్టలు మార్చుకునే గదిలో, అద్దం ముందు, చేతిలో ఏమీ లేకుండా ఊపాను. ఒడిశా నుంచి వచ్చిన హెల్పరు ఒకాయన జాలిగా చూసి, "సాబ్, కమర్ మే దర్ద్ హై క్యా?" అని, నడుం నొప్పికి రాసుకోమని నూనె డబ్బా తెచ్చిచ్చాడు. పటాన్‌చెరులో నా కిరాయి గదిలో గొడుగుతో ఊపితే ట్యూబులైటు పగిలింది. ఇంటి ఓనరమ్మ చప్పుడు విని పైకొచ్చి, గొడుగునూ నన్నూ కింద గాజు ముక్కలనూ చూసి, తలుపు దగ్గరే నిలబడి, "ఎవలనన్న కొట్టేదుందా బిడ్డా? మంచిగ మాట్లాడుకోండ్రి, కొట్లాటలొద్దు" అని బతిమాలింది.

చివరికి ఒకరోజు బంతి పెట్టారు. నేర్చుకున్నవన్నీ వరసగా తలచుకుంటూ కర్ర ఎత్తాను. చిటికెన వేలు, తువ్వాలు, భుజం, నడుము, తల. అన్నీ గుర్తొచ్చేసరికి కర్ర తిరిగి కిందికొచ్చేసింది. బంతి ఉన్నచోటే ఉంది. మళ్లీ కొట్టాను. ఉన్నచోటే ఉంది. మూడోసారి మట్టి పెళ్ల లేచి వెళ్లి బర్రె మీద పడింది, బంతికి దుమ్మైనా అంటలేదు. ఇంతకుముందు వంకరగా అయినా గోడ దాటించిన మనిషిని నేను. ఇప్పుడు పాతది పోయింది, కొత్తది రాలేదు, రెండింటి మధ్య మైదానంలో ఒంటరిగా నిలబడ్డాను. "బుద్ధుందా? మోచెయ్యా అది, కొడవలా?" అని ఆయన కేకలు. పైగా నా ఊపునంతా ఫోన్లో స్లో మోషన్‌లో తీసి, తుమ్మ చెట్టు కింద బెంచీ మీద కూర్చోబెట్టి మరీ చూపించేవారు. మన అవస్థ మామూలు వేగంలో ఎలాగో భరించవచ్చు. మెల్లగా చూస్తే మాత్రం, నోరు తెరుచుకుని, పిర్రలు ఒక దిక్కుకీ చేతులు ఒక దిక్కుకీ పోతూ, చెరువులో కాలు జారినవాడిలా కనిపించే ఆ మనిషికి ఎవరైనా పిల్లనెందుకిస్తారని నాకే అనిపించేది.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో మా ఆవిడ ఆత్రంగా అడిగేది. "నాన్న ఏమన్నారు?"

"మోచెయ్యి వంగుతుందన్నరు."

"మన గురించి?"

"నడుం ముందుగాల తిరుగుతుందన్నరు."

ఎండాకాలం పోయి వానలు వచ్చాయి. ఒకరోజు ఆమె చారు గిన్నెలో గరిటె తిప్పుతూ, "మా నాన్నకి కాదనడం చేతకాదు. ఎవరైనా భోజనానికి పిలిస్తే రానని చెప్పలేక జ్వరం తెచ్చుకుంటారు. నీకు కాదని చెప్పలేకే గోల్ఫ్ నేర్పుతున్నారేమో" అంది. అప్పటిదాకా నాకు రానిది స్వింగు ఒక్కటే అనుకున్నాను. ఆ రోజు అన్నం సగంలో వదిలేసి షిఫ్టులోకి వెళ్లాను. మానేద్దామా అనుకున్నాను. మానేస్తే ఆయన కాదనకుండానే కాదన్నట్టు అవుతుంది. అందుకని మర్నాడు మళ్లీ వెళ్లి నిలబడ్డాను.

అప్పుడే జరిగింది అసలు ఉపద్రవం. ఆయన నాకు చూపించడానికి ఒక బంతి పెట్టుకుని, "ఇలా, తిన్నగా" అంటూ కొట్టారు. ఎన్నో ఏళ్లుగా గీత గీసినట్టు వెళ్లే ఆయన బంతి కొంతదూరం వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు, కుడివైపు తిరిగింది.

"గాలి" అన్నారు.

ఆకు కదలడం లేదు. ఇంకోటి కొట్టారు. అదీ కుడికే. ఇంకోటి. అది గోడ దాటింది. ఆయన కర్ర పట్టుకుని తన చేతులకేసి చూసుకున్నారు. రోజూ నన్ను చూసీ చూసీ, నా తప్పులన్నీ మెల్లగా చేసి చూపించీ చూపించీ, నా రోగం ఆయనకు అంటుకుంది. నాకు సంతోషం కలిగి ఉండాల్సింది. కలగలేదు. ఆ పెద్దమనిషి ముఖం చూస్తే శ్మశానం నుంచి వచ్చినవారిలా ఉన్నారు. వారం తిరిగేసరికి ఆయన నాకంటే అన్యాయంగా కొడుతున్నారు. నా మోచెయ్యి మర్చిపోయి తన మోచెయ్యి వీడియో తీయమనేవారు. ఇద్దరం బెంచీ మీద కూర్చుని, ఒకరి తర్వాత ఒకరి దురవస్థ మెల్లగా చూసుకుని, లేచి ఇళ్లకు పోయేవాళ్లం.

అలాంటి ఒక ఆదివారం, తల కదులుతోందేమోనని ఆయనకు అనుమానం వచ్చింది. "అబ్బాయ్, ఎదురుగా నిలబడి నా తల గట్టిగా పట్టుకో. ఏమైనా సరే వదలకు" అన్నారు. నేను చేతులు చాచి ఆయన బట్టతల రెండు అరచేతుల మధ్య బిగించి పట్టుకున్నాను. చెమటకి జారుతోంది. ఆయన పళ్లు బిగబట్టి, కర్ర అటూ ఇటూ ఊపుతూ, ఊగిపోతున్నారు. సరిగ్గా అప్పుడే మా నాయిన, ఎన్నాళ్లకీ పెళ్లి మాట తేలకపోవడంతో తానే మాట్లాడదామని, సంచీ నిండా మక్క కంకులు పట్టుకుని బస్సూ ఆటో మారి, వాళ్లింటికి పోయి, వాళ్లు చెబితే గ్రౌండుకు వచ్చాడు. దూరం నుంచే ఆగిపోయాడు.

"సారుకేమైందిరా? ఒంటిమీదికి దేవుడొచ్చిండా?"

"లేదు నాయినా. ఆట."

"ఆటల నెత్తి వట్టుకుంటరా?"

"కదలొద్దని."

నేను తల వదిలేశాను. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, నమస్కారమండీ అన్నారు. ముగ్గురం బెంచీ మీద కూర్చున్నాం. నాయిన సంచీ కాళ్ల మధ్య పెట్టుకుని, బర్రెలను కాసేపు చూసి (ఏ జాతివో లెక్క కట్టుకుని ఉంటాడు), మెల్లగా అడిగాడు.

"సారూ, ఒక్క మాట అడుగుత, తప్పనుకోకుండ్రి. మావోనికి ఈ ఆట రాకుంటే పిల్లనియ్యరా?"

"మీవాడికి ఈ జన్మలో రాదండీ" అన్నారాయన. నేను నేల చూశాను. "నాక్కూడా పోయింది ఇప్పుడు. అంటించాడు."

"మరి ఇద్దరికీ రాకుంటే గీ తిప్పలెందుకు?"

ఆయన కర్ర చివర అంటిన మట్టిని గోటితో గీకుతూ కూర్చున్నారు. తర్వాత నా వైపు చూడకుండా నాయినతోనే చెప్పారు.

"అల్లుడైపోతే అనలేను కదండీ."

"ఏమనలేరు?"

"ఏదీ అనలేను. బుద్ధుందా అనలేను, ఆ బంతి ఏరుకురా అనలేను. మావైపు అల్లుడంటే పీట వేసి కూర్చోబెట్టాలి. నాతో ఆడినవాళ్లు కొందరు సొంతూళ్లకి పోయారు, కొందరు పైకే పోయారు. రెండేళ్లు ఒక్కణ్ణే కొట్టుకున్నానిక్కడ. ఇతనొచ్చి నిలబడ్డాడు. ఎంత తిట్టినా మర్నాడు మళ్లీ వచ్చాడు. అమ్మాయి చెప్పిన రోజే నేను సరేననుకున్నాను. కొన్నాళ్లు ఆగి చెబుదామనుకున్నాను, అంతే."

నేనక్కడే ఉన్నాను. ఏం చెయ్యాలో తోచక, పక్కన పడి ఉన్న బంతులు ఏరడం మొదలుపెట్టాను. వెనక నాయిన గొంతు వినిపిస్తూనే ఉంది.

"గంతేనా? మా దిక్కు అల్లుళ్లను మంచిగనే తిడ్తరు సారూ. నేను మా మామతోని ఎన్ని తిట్లు తిన్ననో. చెయ్యి గూడ చేసుకున్నడు ఒకపారి. మీరు మా లెక్కనే చెయ్యుండ్రి, ఏం కాదు."

"అలవాటు లేదండీ" అన్నారాయన దిగులుగా.

కార్తీకమాసంలో పెళ్లయింది. పదహారు రోజుల పండుగ అయ్యాక ఒక పొద్దున నేనే ఆయన్ని గ్రౌండుకు తీసుకెళ్లాను. బంతి పెట్టుకుని, మోచెయ్యి వంచి, కర్ర తిప్పాను. బంతి కదల్లేదు. నేను తిట్టు కోసం చెవులు రిక్కించుకుని నిలబడ్డాను.

"చాలా బావుందండీ అల్లుడుగారూ" అన్నారు.

"తాకలేదు మామయ్యా."

"తాకకపోయినా ఊపు బావుంది."

నాయిన చెప్పిన మాట గుర్తు చేశాను, తిట్టండి అన్నాను. ఆయన ప్రయత్నించారు పాపం. నోరు తెరిచి, గొంతు సవరించుకుని, "మీ మోచెయ్యి..." అని మొదలుపెట్టి, "ఎండగా ఉంది, నీడకి రండి" అని ముగించారు. ఆయన స్వింగూ తిరిగి రాలేదు. ఇప్పుడు మోకాళ్లు సహకరించక కుర్చీ వేసుకుని కూర్చుంటారు. నేను ఆదివారాలు ఆయన ముందు కొడతాను. ఎన్ని వీడియోలు చూసినా, ఎంత సాధన చేసినా బంతి కుడికే పోతుంది. ప్రతిదానికీ ఆయన మర్యాదగా తలాడిస్తారు.

నైట్ షిఫ్టు కళ్లతో ఆ పల్లేరుకాయల మధ్య నిలబడిన కుర్రవాడు గుర్తొచ్చినప్పుడు నాకు నవ్వొస్తుంది. ఈ ముసలాయన తిట్లు ఎప్పుడు ఆగుతాయి దేవుడా అని వాడు రోజూ కంపెనీ బస్సులో మొక్కుకునేవాడు. ఆ దేవుడెవరో గానీ, మొక్కు ఆలకించాడు.