పావు తీసి చదవాలి

ఆయన్ని ఆ వీధిలో అందరూ తీసివేతల మాస్టారు అంటారు. బడిలో పాఠాలు చెప్పిన మనిషి కాదు. ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు పాత పికప్ బండిలో చేరవేసే డ్రైవరు. బీరువాలు, మంచాలు, అద్దాల బల్లలు ఎక్కించి తాళ్ళు బిగించాక, "ఇప్పుడు కదలమను చూద్దాం" అని మీసం దువ్వుకుంటాడు. తాడు కట్టడంలో ఆయనకు వంక పెట్టేవాడు లేడు, ఉన్నమాట ఒప్పుకోవాలి. పేరు మాత్రం తాళ్ళ వల్ల రాలేదు, బండి డాష్‌బోర్డు మీదున్న రెండు ముళ్ళ వల్ల వచ్చింది.

ఒకటి డీజిలు ముల్లు. రెండోది ఇంజను వేడి చూపించే ముల్లు. రెండూ అబద్ధాలకోర్లే. ట్యాంకులో పావు ఉంటే సగం ఉందంటుంది మొదటిది. ఇంజను హాయిగా నడుస్తుంటే ముప్పావు దాకా ఎగబాకి, ఎర్ర గీత తాకనా వద్దా అని బెదిరిస్తుంది రెండోది. మాస్టారు మొదట్లో ట్యాంకులో డీజిలు మీద తేలే ఫ్లోటు మార్పించాడు, ఇంజను దగ్గర వేడి కొలిచే సెన్సారు మార్పించాడు. ముళ్ళు దిగలేదు. పుండు ఒకచోట, మందు ఒకచోట. అప్పుడాయనకు జ్ఞానోదయమైంది. ముల్లు ఎంత చూపిస్తే అందులోంచి పావు తీసేస్తే సరి. సగమంటే పావు. ముప్పావంటే సగం. బాగు చేయించడం ఎందుకు, బుర్ర ఉండగా?

"బండన్నాక కాస్త ఎక్కువ చేసి చెప్పుకుంటుంది. నడిపేవాడికి తెలియాలి," అని పక్క సీట్లో ఎవరు కూర్చున్నా పాఠం మొదలుపెట్టేవాడు. బీరువా యజమానులు పాపం తలలూపేవారు. బీరువా వెనకాల ఉంది మరి, ఊపక చస్తారా?

ముళ్ళ దగ్గరే ఆగిపోతే ఆ పేరు వచ్చేది కాదు. లెక్క రుచి మరిగాక మనుషుల మీదికీ తెచ్చాడు. పక్కింటాయన జ్వరమంటే పావు తీసేసి జలుబు అన్నాడు. వానలు గట్టిగా పడతాయని రేడియో చెబితే పావు తీసేసి, టార్పాలిన్ లేకుండా ఎవరిదో పరుపుల లోడు వేసుకెళ్ళాడు. ఆ పరుపులు ఆరడానికి వారం పట్టింది. అయినా తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

అందరికన్నా ఎక్కువ తీసివేతలు అనుభవించింది ఇంట్లో ఇల్లాలు. ఒకసారి కుర్చీలు దింపుతూ బండి మీంచి పడింది. మణికట్టు బుస్సున వాచింది. విరిగిందేమో అని ఆవిడ ఏడుస్తుంటే, "అందులో పావు తీసెయ్యవే, బెణుకు," అన్నాడు. రెండు రోజుల తర్వాత ఆవిడ తమ్ముడొచ్చి ఆసుపత్రికి తీసుకెళితే ఎముక విరిగిందని తేలి కట్టు కట్టారు. మాస్టారు డాక్టరుగారి మాటలోనూ పావు తీసేసి, చెప్పిన గడువుకు ముందే ఆ కట్టు విప్పించాడు. ఇప్పటికీ తడిబట్ట పిండితే ఆ చెయ్యి సలుపుతుంది. ఆవిడ చెప్పడం మానేసింది. చెప్పి మిగిలిన ముప్పావు నొప్పికి జాలి పొందడం కంటే, నోరు మూసుకుని మొత్తం తనే భరించడం నయమనిపించింది.

అలాంటి మనిషి మళ్ళీ నోరు విప్పింది బండి కోసమే. కిందటేడు ఫ్యాను బెల్టు తెగి ఇంజను ఒకసారి కాగిపోయింది. ఇంజను మీది హెడ్డు విప్పి బాగుచేసిన మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ, "ఇంకొక్కసారి ఇలా వేడెక్కిందంటే దీని మీద ఆశ వదులుకోండి," అని చెప్పాడు. మెకానిక్కులు అలాగే భయపెడతారులే అన్నాడు మాస్టారు. ఆవిడ మాత్రం ఆ మాటను మొత్తంగా తీసుకుంది. ఇంటికి బియ్యం తెచ్చేది ఆ బండి. అది ఆగితే ఇల్లు ఆగుతుంది. అందుకని బండ్ల వైరింగు పని చేసే తమ్ముణ్ణి పిలిపించింది.

తమ్ముడు సంచీతో దిగేసరికి మాస్టారు బండి తలుపుకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏరా బామ్మర్దీ, ఫ్లోటు మార్చినా, సెన్సారు మార్చినా లొంగనిది నీకు లొంగుతుందా?"

"చూద్దాం బావా. రెండు ముళ్ళూ ఎక్కువే చూపిస్తున్నాయా, ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా?"

"రెండూ ఎక్కువే. అన్నదమ్ముల్లాంటివి."

"ఎప్పట్నుంచి?"

మాస్టారు ఆకాశంకేసి చూశాడు. జవాబు అక్క చెప్పింది. "ఈయన సొంతంగా డాష్‌బోర్డు విప్పి పాటల డబ్బా పెట్టుకున్నారు చూడు, అప్పట్నుంచి."

"దానికీ దీనికీ సంబంధమేంటే!" అని కసిరాడు మాస్టారు.

తమ్ముడు డాష్‌బోర్డులోని సిగరెట్టు బూడిద గిన్నె లాగాడు. అందులో ఒక స్క్రూ ఉంది. అది బావగారి గర్వకారణం. ఆ రోజు అన్నీ బిగించాక ఒక స్క్రూ, ఒక నల్ల తీగ మిగిలిపోయాయి. తీగ మరో కొస ఏ బల్బుకూ వెళ్ళడం లేదు, విప్పకముందు ఉత్త ఇనుముకు తగులుకుని ఉండేదంతే. కంపెనీవాళ్ళకు తెలివి లేక అనవసరపు సామాను పెడతారనడానికి రుజువుగా ఆ స్క్రూ దాచి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చూపిస్తుండేవాడు.

"అక్కా, ఇటు రా, టార్చి పట్టుకో," అని తమ్ముడు మీటర్ల పలకను ముందుకు లాగాడు. "ట్యాంకులో ఫ్లోటు వేరు, ఇంజను దగ్గర సెన్సారు వేరు. ఒకదాని మొహం ఒకటి చూసి ఎరగవు. అయినా రెండూ ఒకే అబద్ధం చెప్తున్నాయంటే తప్పు వాటిది కాదు, రెంటికీ కూడు పెట్టేవాడిది. ఇదిగో, ఈ చిన్న డబ్బా బ్యాటరీ కరెంటును తగ్గించి ముళ్ళకి ఇవ్వాలి. దీనికి ఎర్త్ అందకపోతే తగ్గించడం మానేసి ఉన్నదంతా పంపేస్తుంది. ముళ్ళు ఎగిరి కూర్చుంటాయి."

ఇంజను వేడెక్కేదాకా నడిపించి ఉంచాడు. ఒక తీగ ముక్క తీసుకుని ఓ కొస బండి ఇనుముకు, రెండో కొస మీటర్ల వెనక రేకుకు తాకించాడు. పెద్దవాళ్ళు గదిలోకి రాగానే బల్ల మీంచి కాళ్ళు దించుకునే పిల్లల్లా రెండు ముళ్ళూ కిందికి దిగాయి. తీగ తీస్తే ఎక్కాయి. తాకిస్తే మళ్ళీ దిగాయి. టార్చి పట్టుకున్న ఆవిడకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ పాండిత్యమంతా ఒక్క స్క్రూ బిగించకపోవడమా!

తమ్ముడు తుప్పు గీకి, నల్ల తీగను బూడిద గిన్నెలోని స్క్రూతోనే బిగించాడు. ట్యాంకులో పొడుగు పుల్ల ముంచి చూపించాడు. పుల్ల సగం తడిసింది. ముల్లు సగం దగ్గర ఉంది.

"అయిపోయింది బావా. ఇక ఏమీ తీసెయ్యొద్దు. ముల్లు ఎంతంటే అంతే."

మాస్టారు పుల్లను ఎగాదిగా చూశాడు. "తడి పైకి పాకుతుందిరా. పుల్ల ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది." ఆ తర్వాత బామ్మర్ది భుజం తట్టాడు. "మంచి పనిమంతుడివే. కానీ నీ మాటలోనూ పావు తీసెయ్యాలి."

మర్నాడే సగం దగ్గరున్న ముల్లును పావుగా చదివి, బంకులో ఆ లెక్కకు తగ్గట్టు పోయించాడు. ట్యాంకు పొంగి డీజిలు చెప్పుల మీద పడింది. బంకువాడి కొలత దొంగకొలతని గొడవపడి ఇంటికొచ్చాడు. వేడి ముల్లు బుద్ధిగా సగం దగ్గర నిలబడితే దాన్నీ పావుగానే చదివి, "ఈ మధ్య ఇంజను భలే చల్లగా ఉంటోందే. నా చెయ్యి అలాంటిది," అని మురిసిపోయాడు. ముల్లు ఇప్పుడు నిజం చెబుతోందని ఆవిడ మూడుసార్లు చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

తర్వాతి వారం ఒక కుటుంబం సామాను గుట్ట మీది కొత్త ఇంటికి చేర్చాలి. ఆ ఇంటావిడ తన నిలువుటద్దం వెనకాల వేస్తే పగులుతుందని భయపడితే, దాన్ని పట్టుకోవడానికి మాస్టారు భార్య ముందు సీట్లో కూర్చుంది. ఎత్తు మొదలైంది. బీరువాల బరువుకు బండి మూలుగుతోంది. అద్దం పక్కనుంచి ఆవిడకు ముల్లు కనిపించింది. సగం దాటింది.

"ఏవండీ, వేడి ముప్పావుకొచ్చింది."

"అంటే సగం. మామూలే."

ఏదో తియ్యటి కాలిన వాసన. ముల్లు ఎర్ర గీత తాకింది.

"ఏవండీ, ఎర్రలో ఉంది! ఆపండి!"

"అంటే ముప్పావు. ఇన్నేళ్ళూ ముప్పావు మీదే తిరిగాం కదే. ఎక్కడ ఆగిందని?"

"అది పాత ముల్లు! ఇప్పుడు ఇది నిజం చెప్తోంది! మీకు దండం పెడతాను, ఆపండి!"

"నీ గోలలో పావు తీసెయ్యాలి ముందు," అని ఆయన గేరు మార్చాడు.

ఇంజను రెండుసార్లు దగ్గి, ఇనుము ఇనుముతో కొరుక్కున్నట్టు ఒక చప్పుడు చేసి, ఎత్తు మధ్యలో ఆగిపోయింది. ముందునుంచి తెల్లటి ఆవిరి లేచింది. రేడియేటరు గొట్టం ఎక్కడో కిందే పగిలి, నీళ్ళన్నీ దారి పొడుగునా కారిపోయాయి. అద్దం ఆవిడ ఒడిలో భద్రంగా ఉంది. తాళ్ళు కూడా ఒక్కటీ సడలలేదు.

బండిని లాక్కెళ్ళి విప్పించారు. హెడ్డు ఒంగింది, బ్లాకు చీలింది. కిందటేడు హెచ్చరించిన మెకానిక్కే తల అడ్డంగా ఊపాడు. "మీరు ముల్లు చూసుకోలేదా?" అని అడిగాడు.

"చూశాను," అన్నాడు మాస్టారు. నిజమే చెప్పాడు. కబురందుకుని వచ్చిన బామ్మర్ది వైపు తిరిగాడు. "నిక్షేపంలాంటి బండిరా. నువ్వా ముల్లు బాగుచేశావు, ఇంజను పోయింది."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు. తమ్ముడు నోరు తెరవబోయాడు. అక్క వద్దని కళ్ళతోనే చెప్పింది.

పాత ఇనుము కొనేవాడు వచ్చి బండిని తీసుకుపోయిన రోజు మాస్టారు గుమ్మం మెట్టు మీద కూలబడ్డాడు. ఆయన చేతిలో తాళ్ళ చుట్ట ఒక్కటే మిగిలింది. బండి ఆగే చోట నేల మీద నూనె మరక నల్లగా ఉంది. ఆవిడ దండెం దగ్గర తడిబట్టలు పిండుతోంది. మణికట్టు సలుపుతోంది.

"నా గుండె పగిలిపోయిందే," అన్నాడాయన.

ఆవిడ చీర కొస దులిపి దండెం మీద వేసింది.

"అందులో పావు తీసెయ్యండి," అంది.

ఆయన తలెత్తి చూశాడు. చుట్టపక్కాల్లో, వీధిలో ఎందరితోనో తనన్న మాట తన మీదికి రావడం అదే మొదటిసారి. అందులోంచి ఏమీ తీసెయ్యడానికి లేదని చెప్పాలని నోరు తెరిచాడు. నమ్మని మనిషికి నిజం ఎలా చెప్పాలో ఆయనెప్పుడూ నేర్చుకోలేదు.

ఆయన మొహం చూసి ఆవిడకు మనసు చివుక్కుమంది. ఆ బాధ పూర్తిగా నిజమని ఆవిడకు తెలుసు. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు. సలుపుతున్న చేత్తోనే ఇంకో తడిబట్ట తీసి పిండింది.