యాదగిరికి నేను నేర్పిన సైకిల్ జవాబు

ఈ మాట ఇన్నేళ్లూ నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. మింగుడూ పడలేదు, బయటికీ రాలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర లేదు. ఒక్కటే షరతు. నా మీద జాలి పడకండి. జాలి అంటే నాకు ఒళ్లు మంట.

యాదగిరి మా మేనమామ కొడుకు. వాళ్లది నార్సింగి, మాది పుప్పాలగూడ. ఇప్పుడు అద్దాల మేడలు లేచిన చోట అప్పుడు బండలు, సీతాఫలం పొదలు తప్ప ఏమున్నాయి? నిజాం పాలన పోయిన కొత్తలో జరిగిన సంగతి ఇది. అంతదాకా ఉర్దూలో చదివిన మాలాంటి వాళ్లకు ఒక్కసారిగా ఇంగ్లీషు కావలసి వచ్చింది. పట్నంలో ఒక దఫ్తర్‌లో గుమాస్తా నౌకరి పడింది. ఒక్కటే నౌకరి. రాత పరీక్ష అయ్యేసరికి మేమిద్దరమే మిగిలాం. ఇక మద్రాసు నుంచి వచ్చిన అధికారి ఎదుట ఇంగ్లీషులో మాట్లాడాలి. అంతే.

ఆ నౌకరి యాదగిరికి ఎంత అవసరమో నాకు తెలియదా? తండ్రి లేడు. తల్లీ కొడుకూ బండలు కొట్టే పనికి పోయేవాళ్లు. రాతి దుమ్ముకు ఆమె అప్పటికే దగ్గుతూ ఉండేది. మాకు తిండికి లోటు లేదు, ఇంట్లో సైకిల్ కూడా ఉంది. అయినా వాడంటే నాకు పడేది కాదు. కారణం చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. వాడు గడప తొక్కితే మా నాన్న ముఖం విచ్చుకునేది. పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పించుకునేవాడు. నన్ను చూసి ఎన్నడైనా అట్లా నవ్వాడా? వాడు ఇకిలిస్తూ కూర్చుంటే లాగి ఒకటి ఇవ్వాలనిపించేది. ఇప్పుడు తలుచుకున్నా అనిపిస్తుంది, ఏం చేయను?

నా పరీక్ష ముందుగా అయింది. ఎట్లా వచ్చావని అధికారి అడిగాడు. సైకిల్ మీద అన్నాను. ఏదీ చూద్దాం అంటూ ఆయన లేచి బయటికే వచ్చాడు. ఒక్కో భాగం ముట్టుకుని పేరు చెప్పమన్నాడు, ఆవరణలో ఒక చుట్టు తొక్కమన్నాడు. అన్నీ చేశాను గానీ ఆయన ముఖంలో మెప్పు కనబడలేదు. నోటితో ఏం చెబితే అది చూపించమనడం ఆయన పద్ధతని బంట్రోతు చెప్పాడు.

ఆ సాయంత్రమే యాదగిరి వచ్చాడు. మరునాడు వాడి వంతు. "బావా, నా జవాబులు జర సాఫ్ చెయ్యవా," అన్నాడు. ఎట్లా వచ్చావని అడుగుతాడు, ఏం చెబుతావన్నాను. నాకు సైకిల్ లేదు సార్, నడిచి వచ్చాను, సైకిల్ అంటే నాకు భయం, ఒకసారి ఎక్కి ఎవరిదో ముళ్లకంచె మీద పడ్డాను, ఆ కంచెను కూడా నేనే బాగు చేయాల్సి వచ్చింది. అన్నీ పొట్టి పొట్టి ఇంగ్లీషు మాటలు. వింటుంటే నాకే నవ్వొచ్చింది. ఆ అధికారీ నవ్వుతాడని, నౌకరి వీడిదేనని అప్పుడే తెలిసిపోయింది.

"గిదేం జవాబురా? ఉత్త ఊరోడనుకుంటడు. నేను చెప్త, నేర్చుకో," అన్నాను.

నాకు సొంత సైకిల్ ఉంది, రోజూ దాని మీదే పట్నం వస్తాను, దాన్ని చూసుకున్నట్టు ఇంకేదీ చూసుకోను. ఇట్లా పెద్ద పెద్ద మాటలతో ఒక జవాబు కట్టి ఇచ్చాను. వాడు వల్లె వేశాడు. మాకు తెలిసిన చదువు అదే, పంతులు చెప్పింది కంఠతా పట్టడం. మధ్యలో ఆగాడు.

"ఇది అబద్ధం గద బావా?"

"ఇంగ్లీషు పరీక్షల నిజాలు ఎవరడుగుతర్రా? మాట సాఫ్‌గ వస్తె చాలు."

"సైకిల్ ఏదని అడిగితె?"

"ఎందుకడుగుతడు? ఆయనకు వేరే పని లేదా?"

"నువ్వు చెప్పినంక ఇగ ఫికరేంది," అన్నాడు.

ఎందుకడుగుతడని నోరు జారి అన్నానా? కాదు. పొద్దున నన్ను బయటికి నడిపించిన మనిషి గురించి, సాయంత్రం అంత తాపీగా ఆ మాట అన్నాను.

మరునాడు వాడిని నా సైకిల్ వెనక ఎక్కించుకుని నేనే తీసుకుపోయాను. దారి పొడుగునా నా వెనక కూర్చుని ఆ జవాబు వల్లిస్తూనే ఉన్నాడు. తడబడిన చోట దిద్దాను కూడా. ఛీ, ఏం పుటకరా నాది!

అధికారితో కలిసి వాడు ఆవరణలోకి వచ్చాడు. గోడకు ఆనించిన నా సైకిల్ చూపించాడు. తొక్కమంటే ఎక్కాడు, ఎక్కక ఏం చేస్తాడు? రెండు మూరలు పోకుండానే కంకర మీద పడ్డాడు. వరండాలో గుమాస్తాలు పగలబడి నవ్వారు. అధికారి నవ్వలేదు. ఈ సైకిల్ నీదేనా అని అడిగాడు. యాదగిరి నా వైపు చూశాడు. సైకిల్ నాది, ఆ మాటలు నావి అని నేను అనగలిగేవాణ్ణే. నోరు పెగలలేదని చెప్పను, అది అబద్ధం. అనదలచుకోలేదు. గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. కాదు సార్ అన్నాడు వాడు. అబద్ధాలకోరు నా దఫ్తర్‌కు వద్దు అని అధికారి లోపలికి వెళ్లిపోయాడు.

చీరుకుపోయిన మోకాలితో వాడు ఇంటికి నడిచే వెళ్లాడు. ఎక్కమని నేను అననూ లేదు.

నౌకరి నాకొచ్చింది. దాని పింఛనే ఇప్పటికీ తింటున్నాను. యాదగిరి మళ్లీ బండల పనికే పోయాడు. తల్లి ఆ దుమ్ముకే పోయింది. నడివయసు దాటకముందే వాడి ఛాతీ కూడా పాడైంది. దవాఖానకు చూడబోయాను. ఇంత చదువుకుని బండలెందుకు కొట్టావయ్యా అని పక్క మంచం ముసలాయన వాడిని అడిగాడు.

"మా బావ మంచిగనే నేర్పిండు. నేనే ఆగం చేసిన," అన్నాడు యాదగిరి, నా ఎదురుగానే.

నిజంగా నమ్మే అన్నాడా? అన్నీ తెలిసి నన్ను కొట్టడానికి అన్నాడా? ఆ రోజు వాడి మీద నాకు వచ్చినంత కోపం ఇంకెవరి మీదా రాలేదు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఏం పోయేది వాడికి? ఆరోగ్యం జాగ్రత్త అని లేచి వచ్చేశాను. ఆ వారంలోనే పోయాడు.

క్షమించమని మిమ్మల్ని అడగను, అడగవలసినవాడు లేడు. ఆగం చేసింది యాదగిరి కాదు. నేను. తెలిసి చేశాను. ఇదిగో, అనేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.