బెల్లం, బొగ్గు, కనకాంబరం

మాతో పనిచేసిన పెద్దమ్మ పోయిన సంగతి నాకు పని దగ్గరే తెలిసింది. పొద్దున సంచుల్లో రెసిస్టర్లు వేస్తుంటే సేటు ఫోన్ పెట్టేసి మా టేబుల్ దగ్గరికొచ్చాడు. "బడంగ్‌పేట్ పెద్దామె పోయిందంట. పాపం, కండ్లు కనవడకున్నా కష్టపడ్డది" అన్నాడు. ఒక్క క్షణం నిలబడి, సాయంత్రం పోవాల్సిన ఆర్డర్ ఎంతవరకు వచ్చిందని అడిగాడు.

'కండ్లు కనవడకున్నా' అన్న ఆ మాట కోసమే ఇది రాస్తున్నాను. ఆమె కళ్లు మంచిగానే ఉండేవి.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో లైను పక్క సందులో, మేడ మీద మా దుకాణం. ఇంజనీరింగ్ పిల్లలు సొంతంగా బిగించుకునే కిట్లు అమ్ముతాం. వెలిగి ఆరే లైటు, ట్యాంకు నిండితే మోగే అలారం, అట్లాంటివి. బిగించుకునేవాడికి అది సరదా. సామాను తయారుచేసి పెట్టేవాళ్లకి అందులో సరదా ఏమీ లేదు. టేపుకి అంటించి వచ్చిన రెసిస్టర్లను కత్తిరించాలి, వాటి తీగ కాళ్లు వంచాలి, ఏరాలి, కిట్టుకొక సంచిలో వేయాలి. ఒక్కోటి వడ్లగింజంత ఉంటుంది. మధ్యాహ్నానికి మెడ పట్టేస్తుంది, బుర్ర ఆగిపోతుంది, చేతులు మాత్రం కదులుతూ ఉంటాయి. తప్పులు జరిగేది అప్పుడే.

నేను ఐటీఐ చదివి చేరాను. రెసిస్టర్ మీది రంగు గీతలను బట్టి దాని విలువ చెప్పే పట్టిక నాకు కంఠతా వచ్చు. పెద్దమ్మకి చదువు రాదు. ఈ పనిలో చేరకముందు చాలా ఏళ్లు బస్టాండు దగ్గర పూలు కట్టి అమ్మింది. గీతలకు ఆమె పెట్టుకున్న పేర్లు వేరు. గోధుమ రంగు బెల్లం. నలుపు బొగ్గు. ఎరుపు కుంకుమ. ఊదా వంకాయ. నారింజ రంగు కనకాంబరం.

"నారింజ అనొచ్చుగా పెద్దమ్మా, మధ్యలో ఈ పూలెందుకు?" అని మాతో పనిచేసే గుంటూరు అక్క ఒకసారి నవ్వింది.

"నువ్వు నారింజలు అమ్మినవా? నేను కనకాంబరాలు కట్టిన. నా చేతికి తెలిసిందే నా నోటికొస్తది."

సంచిలో వేసేవాళ్లు గీతల పేర్లు పైకి అనాలి. ఎదుటివాళ్లు చూసి, తిరిగి అనాలి. ఇదీ ఆమె పెట్టిన పద్ధతి. బెల్లం, బొగ్గు, కుంకుమ అంటే వెయ్యి ఓములు. బెల్లం, బొగ్గు, కనకాంబరం అంటే పదివేలు. మూడో గీత ఒక్కటే తేడా. ట్యూబులైటు కింద ఆ రెండు రంగులూ ఒకేలా ఉంటాయి. ఊరికే చూస్తే కన్ను మోసపోతుంది. పేరు పైకి అనాలంటే మాత్రం ఇంకోసారి చూడక తప్పదు. ఎటునుంచి చదవాలో తెలియక నేను తడబడితే, "బంగారం గీత తోకకుంటది బిడ్డా, అది కుడిచేతి దిక్కు పెట్టుకో" అనేది. వంకాయ వచ్చిందంటే, "వంకాయొచ్చింది, కూరేదీ?" అని గుంటూరు అక్క పెద్దమ్మ టిఫిన్ డబ్బా వైపు చెయ్యి చాపేది. సాయంత్రం ఎప్పుడైందో తెలిసేది కాదు.

మా ఊళ్లో నాట్లేసే ఆడవాళ్లు పాడేది అలుపు తెలియకుండా ఉండటానికే అనుకునేవాణ్ణి. వరుస తప్పకుండా ఉండటానికి కూడా అని ఈ టేబుల్ దగ్గరే తెలిసింది.

నిరుడు సేటు టేబుల్ మీదికి కెమెరా పెట్టించాడు. "ఏందీ లొల్లి? మార్కెట్ అనుకున్నరా? ఇగ మాటలు బంద్. మాట్లాడితే లెక్క తప్పుతరు."

"మాట్లాడకుంటేనే తప్పుతం సేటూ" అంది పెద్దమ్మ.

"నాకు నేర్పుతున్నవా?"

నెల తిరక్కుండానే తప్పు జరిగింది. ఒక కాలేజీకి పోయిన కిట్లలో లైట్లు మసకమసగ్గా వెలిగాయి. కుంకుమ ఉండాల్సిన చోట కనకాంబరం పడింది. వాపసొచ్చిన సంచులు టేబుల్ మీద గుమ్మరించి సేటు నేరుగా పెద్దమ్మనే చూశాడు. "వయసు మీద వడ్డది. కండ్లు కనవడుత లేవు. ఇగ ఇంట్ల కూసో."

పెద్దమ్మ ఒక సంచి ఎత్తి చూపింది. "ఇది పిన్ను కొట్టిన సంచి సేటూ. నేను దారంతోని కడ్త, పూల ముడి. అందరికి ఎర్కే."

"సంచి ముచ్చట కాదమ్మా, కండ్ల ముచ్చట."

గుంటూరు అక్క సంచులకు టేపు అంటిస్తుంది. పిన్ను కొట్టేది నేనొక్కణ్ణే. అక్క నా వైపు చూసింది. పెద్దమ్మ చూడలేదు. నేను స్టేప్లర్ పట్టుకుని తల దించుకున్నాను. రెసిస్టర్ కాళ్లు వంచడానికి ఆమె వాడే ఐస్‌క్రీం పుల్ల ఒకటుండేది. దాన్ని నా ముందు పెట్టి, టిఫిన్ డబ్బా తీసుకుని మెట్లు దిగిపోయింది.

రెండు వారాలకు బడంగ్‌పేట్ పోయాను. గడపలో కూర్చుని చిక్కుడుకాయలకు నార తీస్తోంది.

"తప్పు నాది పెద్దమ్మా."

"నాకెర్క లేదా? పిన్ను కనవడలేదనుకున్నవా?" కాయ మీంచి చూపు తిప్పలేదు. "నాకు చెప్తే ఏమొస్తది? నేను సేటునా? పో, ఆడ చెప్పు. చాయ్ తాగి పో."

చాయ్ తాగి వచ్చాను. చెప్పలేదు. రేపనుకున్నాను, వచ్చే వారం అనుకున్నాను. పని పోతే ఎట్లా అనుకున్నాను. అట్లా ఏడాది గడిచింది.

సేటు ఆ కబురు చెప్పిన పొద్దున లేచి నిలబడ్డాను. "ఆమె కండ్లు మంచిగుండె సేటూ. ఆ సంచులు నావి."

"అయిపోయినదానికి ఇప్పుడెందుకు? పని చూడు" అన్నాడు.

పని పోతుందని ఏడాది భయపడ్డాను. పని పోలేదు. ఆయనకు పట్టనే లేదు. ఆమె మీద వేసిన మాటను వెనక్కి తీసుకోవడానికి ఆయనకు ఒక్క నిమిషం దొరకలేదు. ఆయన మీద నాకు చాలా కోపం. నా మీద అంతకంటే ఎక్కువ.

దినాల నాడు గుంటూరు అక్కా నేనూ వాళ్లింటికి పోయాం. కుర్చీలో పెద్దమ్మ ఫోటో, పైన ట్యూబులైటు, ఫోటోకి దండ. ఏ పూలో దూరం నుంచి తెలియలేదు. ఎరుపనిపించింది. దగ్గరికి పోయి, వంగి, ఇంకోసారి చూశాను.

"కనకాంబరం" అన్నాను పైకి.

గుంటూరు అక్క కూడా వంగి చూసి, తిరిగి అంది. "కనకాంబరం."