గేటు పక్క రాయి మీద నల్ల అంకె

సరిహద్దు గీత కంటికి కనపడదు కాబట్టి, రెండు దేశాలూ కలిసి ఊరి చివర తెల్లరాళ్లు పాతుకున్నాయి. ఒక రాయి ఇటువాళ్లది, దాని పక్కది అటువాళ్లది, మళ్లీ ఇటువాళ్లది. వాటి మధ్య రాకపోకలకు ఒక గేటు. ఎవరి రాళ్లకు వాళ్లే ఏటా రంగు వేసుకోవాలి. ఇటు రాళ్ల మీద అంకెలు నలుపు, అటు రాళ్ల మీద ఎరుపు. ఈ ఏర్పాటు చేసిన పెద్దలు ఎప్పుడో పోయారు. తిట్టుకుందామన్నా ఎవరూ మిగల్లేదు.

ఇటు రాళ్లకు రంగు వేసే మనిషిని ఊళ్లో అందరూ బ్రష్షు బాబాయ్ అంటారు. ఇళ్లకు, బడి గోడలకు రంగులు వేయాలన్నా, ఎన్నికలొస్తే అన్ని పార్టీల నినాదాలూ రాయాలన్నా ఆయనే. ఏ నినాదాన్నీ నమ్మిన పాపాన పోలేదు. అక్షరం వంకర పోకుండా చూసుకునేవాడు, అంతే. వానలు వెనకబట్టాక ఆయన రాళ్ల దగ్గరికి వెళితే, అటునుంచి వాళ్ల పెయింటరూ వచ్చేవాడు. గీతకు చెరోవైపు కూర్చుని, అల్లుళ్ల దగ్గర్నుంచి కీళ్లనొప్పుల దాకా మాట్లాడుకుంటూ పని కానిచ్చేవాళ్లు.

ఈసారి అటాయన కుడిచేతికి కట్టుతో వచ్చాడు. నిచ్చెన జారిందట.

"అన్నా, ఈ గేటు పక్క రాయికి నువ్వే వేసిపెట్టు. పొద్దున్నే మా ఆఫీసరు చూస్తాడు. మిగతావాటికి రేపు మా బామ్మర్దిని తెచ్చుకుంటా."

"మీ బామ్మర్దా? వాడు వేస్తే సరిహద్దు రాయి సోడాబండిలా తయారవుతుంది" అని నవ్వుతూ బాబాయ్ బ్రష్షు అందుకున్నాడు. అప్పటికే చీకటి పడుతోంది. కబుర్లలో పడి, చేతి అలవాటు కొద్దీ తన డబ్బాలోనే ముంచాడు. అంకె ముత్యంలా వచ్చిందని ఇద్దరూ మురిసిపోయారు. అది నలుపని ఆ మసకలో ఇద్దరికీ తట్టలేదు.

పొద్దున అటు ఆఫీసరు చూశాడు. సాయంత్రానికి టీవీల్లో అదే గోల. "మన రాయిని కాజేశారు!" అన్నాడు అటు నాయకుడు. ఇటు నాయకుడు అంతకు రెండాకులు ఎక్కువే చదివాడు. "చుక్క రక్తం చిందకుండా రాయి గెలిచాం!" అని మైకు పగిలేలా అరిచాడు. గేటు మూసేశారు. రాయి మాత్రం అంగుళం కదల్లేదు.

ఇటు నాయకుడి మనుషులు బాబాయ్ ఇంటికి దిగారు.

"దేశం కోసం కావాలనే వేశానని ఒక్క మాట అను బాబాయ్. సన్మానం చేస్తాం."

"పొరపాటున వేశానంటే?"

"అటువాళ్లకి అమ్ముడుపోయావనుకుంటాం."

వాళ్లు వెళ్లాక బాబాయ్ తల పట్టుకున్నాడు. "కావాలని వేశానంటే, వెయ్యమన్నందుకు అక్కడ వాణ్ణి ద్రోహి అని లోపలేస్తారే. పొరపాటంటే ఇక్కడ నన్నేస్తారు."

"వంటింటికి రంగెయ్యమంటే ఏనాడూ తీరిక లేదు. పరాయి దేశం రాయికి మాత్రం దొరికింది!" అంటూనే భార్య ఏడ్చేసింది.

మర్నాడు రాయి దగ్గరే విచారణ. ఇటు ఆఫీసరు, అటు ఆఫీసరు, మధ్యలో రాయి.

"పొరపాటే సార్. చేతి అలవాటు."

"పరాయి రాయి జోలికి అసలెందుకెళ్లావ్?"

అంతలో అటునుంచి పెయింటరు గొంతు వినిపించింది.

"నేనే వెయ్యమన్నాను సార్. చెయ్యి విరిగింది. మా దేశం రాయిని మురిగ్గా వదిలెయ్యమంటారా?"

ఆఫీసర్లు మొహాలు చూసుకున్నారు. డబ్బాడు రంగు కోసం చచ్చే ఓపిక ఆ ఇద్దరికీ లేదు. పొరపాటు జరిగింది, సరిదిద్దడమైనది అని ఇద్దరూ చకచకా రాసేసుకున్నారు. మరి సరిదిద్దేదెవరు? ఇటువాడు ముట్టుకుంటే సార్వభౌమత్వానికి భంగం, అటువాడికి చెయ్యి లేవదు, బామ్మర్దిని పిలిపించేదాకా ఆగే వ్యవధి లేదు. ఆఫీసర్లిద్దరికీ ఉన్నట్టుండి గేటు తాళం మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చింది. ఇద్దరూ అటు తిరిగారు.

అటాయన ఎడమచేత్తో ఎర్రరంగులో బ్రష్షు ముంచాడు. బాబాయ్ గీత దాటకుండానే చెయ్యి చాచి ఆ మణికట్టు పట్టుకుని, పసివాడి చేత అక్షరాలు దిద్దించినట్టు అంకె దిద్దించాడు.

"వంకర పోతోందన్నా."

"బిగబట్టకు. చెయ్యి వదులు."

వారం తిరక్కుండా నాయకులకు వేరే గొడవ దొరికింది. గేటు తెరిచారు. సన్మానం అన్నవాళ్లు మళ్లీ గడప తొక్కలేదు. గేటు తెరిచారన్న కబురు విన్న మధ్యాహ్నం, ఇన్నాళ్లూ సరిగ్గా నిద్రపోని బాబాయ్ అన్నం కూడా తినకుండా మంచం మీద వాలి గురక మొదలుపెట్టాడు. భార్య లేపబోయి, కాసేపు ఆ గురక వింది. అన్నం గిన్నె మీద మూత పెట్టి, తనూ ఆ పక్కనే నేల మీద కునుకు తీసింది.