టాపు లేని కారు

నా చిన్నప్పుడు మా షెడ్డుకు లారీలు, ట్రాక్టర్లు, డొక్కు జీపులు ఎన్నో వచ్చేవి. టాపు లేని కారు మాత్రం ఒక్కటే వచ్చింది. వరంగల్ బజారులో బట్టల దుకాణం ఉన్న ఒక సేటు, హైదరాబాదులో ఎవరి దొడ్లోనో మూలనపడి ఉన్నదాన్ని ముచ్చటపడి కొనుక్కొచ్చాడు. పైకి ఎర్రగా నిగనిగలాడుతోంది. మా బాపు దాని కిందికి దూరి సుత్తితో చట్రం మీద కొడితే పెచ్చులు పెచ్చులుగా తుప్పు రాలింది. స్క్రూడ్రైవర్ గుచ్చితే ఇనుములోకి దిగిపోయింది. "కింద ఏం లేదన్నా. రంగు మీద నడుస్తాంది" అన్నాడు బాపు బయటికొచ్చి, వాళ్లన్నతో.

ఆ షెడ్డు మా బాపుదీ, మా పెద్దబాపుదీ. పెద్దబాపు అంటే బాపు సొంత అన్న. ముందు కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్లతో మాట్లాడేది పెద్దబాపు, బండి కింద పడుకుని పని చేసేది బాపు. పెద్దబాపు చెడ్డవాడని నేను ఈనాటికీ అనను. నాకు పుల్లారెడ్డి మిఠాయిలు తేకపోయినా వేడివేడి మిర్చి బజ్జీలు తెచ్చేవాడు. కాకపోతే ఆయనకు ఎవరికీ లేదు, కాదు అని చెప్పడం చేతకాదు. దసరా నాటికి కారు తయారుగా ఉంటుందని సేటుకు మాటిచ్చేశాడు. ఇంటిల్లిపాదినీ అందులో ఎక్కించుకుని, బజారంతా చూస్తుండగా జమ్మిచెట్టు దగ్గరికి పోవాలని సేటు కోరిక.

కప్పున్న కారుకు బరువును పైకప్పు కూడా కొంత మోస్తుంది. దీనికి ఆ ఆసరా లేదు, మోసేదంతా కింది చట్రమే. అందుకని బాపు తుప్పు కోసే ముందు తలుపులు తెరిచి, ఆ ఖాళీల్లో అటూ ఇటూ అడ్డంగా లావుపాటి పైపులు అతికాడు. ఆ పైపులు పట్టి ఉంచబట్టే కారు నడుమ వంగకుండా నిలబడింది. ఆ తర్వాత తుప్పు తిన్న ముక్క కోసి, కొత్త ఇనుము పెట్టి, లోపల ఇంకో మందపాటి పట్టీ వేస్తూ వచ్చాడు. ఒక పక్క పూర్తయింది. రెండో పక్క కొత్త ముక్కను అక్కడక్కడ వెల్డింగు చుక్కలు పెట్టి నిలిపాడు, నిండా అతకలేదు. అంతలో దసరా వచ్చింది. పండుగ రోజు పనిముట్లకు పూజ. పసుపు కుంకుమ పెట్టాక వాటిని మర్నాటి దాకా ముట్టకూడదు. పండుగ దాటినాకే బండి బయటికి తీద్దామని బాపు చెప్పాడు. పెద్దబాపు తల ఊపాడు.

ఆ పొద్దున పూజ కాగానే బాపు, అమ్మ భద్రకాళి గుడికి వెళ్లారు. నేను షెడ్డులో కూర్చుని బంతిపూల దండ గుచ్చుతున్నాను. సేటు మనిషి వచ్చి, బండికి కొబ్బరికాయ కొట్టడానికి అందరూ బయలుదేరారని చెప్పి పోయాడు. పెద్దబాపు కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. "పండుగ పూట గీ పైపులేంది, పాడె కట్టినట్టు" అని గొణిగాడు. కుంకుమ బొట్లు పెట్టి ఉన్న రంపాన్ని తీసి కళ్లకద్దుకుని, ఆ పైపులు కోసేశాడు. తలుపులు మూసి, నా చేతిలో దండ తీసుకుని కారుకు వేశాడు. దాంతో కారుకు మంగళం పాడినట్టేనని ఆయనకు తెలియదు. చుక్కలు పెట్టినా అతుకే కదా అనుకున్నాడు పాపం.

సేటు, ఆయన భార్య, ముసలి తల్లి, పిల్లలు అందరూ ఎక్కారు. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. షెడ్డు ముందు మురుగుకాలువ మీద వేసిన మోరీ బండ దాటుతుండగా ఫట్‌మని చప్పుడైంది. కారు నడుమ కుంగిపోయింది. తలుపులు బిగుసుకుని ఒక్కటీ తెరుచుకోలేదు. పట్టుచీర కట్టుకున్న ఆ ముసలమ్మను నలుగురు కలిసి తలుపు మీంచి ఎత్తి దించుతుంటే వీధిలో వాళ్లు పడీపడీ నవ్వారు. సేటు మొహం చూడలేకపోయాను.

"మా తమ్ముడు జేసిండు సేటూ. అతుకు కచ్చగ, సగం సగం పెట్టిండు" అన్నాడు పెద్దబాపు. అప్పుడే గుడి నుంచి వచ్చిన బాపు ఆ మాట విన్నాడు. వంగి చూశాడు. కోసిన పైపుల మొదళ్లు తళతళా మెరుస్తున్నాయి. లేచి అన్న వైపు చూశాడు. పెద్దబాపు చూపు తిప్పుకున్నాడు. నేను "పెద్దబాపే..." అని నోరు తెరిచాను. బాపు నా భుజం గట్టిగా నొక్కి, "తప్పు నాదే సేటూ" అన్నాడు. సేటు అనరాని మాటలన్నీ అన్నాడు. బాపు తల దించుకుని విన్నాడు.

ఆ సాయంత్రం అందరిలాగే జమ్మి ఆకు తెచ్చి, అన్న చేతిలో పెట్టి, కాళ్లకు మొక్కాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకు చెప్పలేదని నిలదీశాను. "అన్న మాట పోతే షెడ్డు పోతది బిడ్డా. నా పేరుకేమున్నది, జర పని జేస్తే మళ్ల అదే వస్తది" అన్నాడు.

రాలేదు. చట్రం పని బాపు చేతికి ఇవ్వడానికి అందరూ భయపడ్డారు. కొన్నాళ్లకు ఆ పనికి పెద్దబాపే వేరే మనిషిని పెట్టుకున్నాడు. లారీల కింద రాజాలా పని చేసిన మా బాపు మిగిలిన బతుకంతా కిటికీలకు గ్రిల్లులు, ప్రహరీలకు గేట్లు చేసి వెళ్లదీశాడు. ఇప్పుడు మడికొండ వైపు వెళ్తుంటే ఏ ఇంటి గేటు చూసినా నాకు కడుపు రగిలిపోతుంది.

బాపు పోయినప్పుడు, పదో రోజు భోజనాల దగ్గర పెద్దబాపు కళ్లు తుడుచుకుంటూ తమ్ముడి గురించి మంచి మాటలు చెప్పాడు. చెప్పి చెప్పి, "బంగారమసొంటి చెయ్యి. ఆ సేటు కారొక్కటే చెడగొట్టిండు" అన్నాడు. ఇక ఉండబట్టలేక అందరి ముందూ జరిగింది చెప్పేశాను. పెద్దబాపు నన్ను జాలిగా చూశాడు. "పండుగ నాడు పూజల పెట్టిన రంపం నేనెట్ల ముట్టుకుంట బిడ్డా?" అన్నాడు. అబద్ధమాడుతున్న మొహం కాదది. ఇన్నేళ్లూ ఎవరూ కాదనకపోయేసరికి ఆయనకు అదే నిజమైపోయింది. చుట్టాలంతా, తండ్రి పోయిన దుఃఖంలో ఏదో అంటోందని నన్ను ఓదార్చారు.

పెద్దబాపూ పోయాడు. ఆయన మీద కోపం ఆయనతోనే పోయింది. నేనూ ముసలిదాన్నయ్యాను. మా ఇంట్లో పిల్లలు ఎవరి మీద ఏం చెప్పబోయినా, ముందు చెప్పనివ్వండి, మర్యాదలు తర్వాత చూసుకుందామని కోడళ్లతో పోట్లాడుతుంటాను. బాపు అంత మంచి మనిషి మళ్లీ నాకు కనబడలేదు. ఆయన మీద కోపం మాత్రం ఇంకా పోలేదు.